పచ్చలైటు ఆరేదాకా

ఆ ఆసుపత్రి కింద, నేలమాళిగలో, ఒక గది ఉంది. పగలేదో రాత్రేదో ఆ గదికి తెలీదు. కిటికీ లేదు. గోడ పొడుగునా ఇనపపెట్టెలు, వాటి వెనక జడలు కట్టిన తీగలు, నెత్తిన ఎప్పుడూ గుర్రుమంటూ చల్లగాలి వదిలే మిషను. లోపలికి అడుగుపెడితే వేడెక్కిన ప్లాస్టిక్కు వాసన ముందు పలకరిస్తుంది, తర్వాత దుమ్ము, ఆ తర్వాత మెట్ల మీద తుడిచిన ఫినాయిలు. సెల్‌ఫోను ఆ గదిలో రాయితో సమానం. ఒక్క గీత సిగ్నలు రాదు. ఎవరితోనైనా మాట్లాడాలంటే మెట్లన్నీ ఎక్కి పైకి రావాల్సిందే.

ఆ గదికి మహారాణి మిడత.

అసలు పేరు ఒకటుంది గానీ అది ఎవరికీ పనికిరాదు. మిడత అని పెట్టింది అక్క. ఒకచోట నిలవదు, కూర్చున్నా మోకాలు ఆడిస్తూనే ఉంటుంది, మాట మధ్యలో లేచిపోతుంది. అందుకే ఆ పేరని అందరూ అనుకుంటారు. అసలు కారణం వేరే ఉంది. అది అక్కాచెల్లెళ్ళిద్దరికే తెలుసు.

చదువు మధ్యలో వదిలేసింది. ఇంట్లో పాడైన రేడియోలు, పక్కింటివాళ్ళ పాడైన టీవీలు, పాడవ్వని అమ్మ మిక్సీ, ఏది దొరికితే అది విప్పి చూసి నేర్చుకుంది. "విప్పడం వచ్చు, బిగించడం ఎప్పుడొస్తుందే?" అని అమ్మ తిడుతుంటే, మొదటి స్క్రూడ్రైవర్ల డబ్బా కొనిచ్చింది అక్కే. తనకోసమని దాచుకున్నదాంతో కొనిచ్చింది.

ఆ గదిలో మిడత పని ఇది. పైన పెద్ద డాక్టర్లు ఉంటారు. దూరాన చిన్న చిన్న ఊళ్ళలో చిన్నాసుపత్రులు ఉంటాయి. అక్కడి రోగిని ఇక్కడి డాక్టరు తెర మీద చూసి, మాట్లాడి, ఏం చెయ్యాలో చెప్పాలి. ఆ బొమ్మలూ ఆ గొంతులూ అన్నీ ఈ గదిలో ఉన్న ఒక పెద్ద పెట్టెలోంచే పోతాయి. పెట్టెలో నిలువుగా అరలు, అరకో కార్డు. కార్డంటే తలుపు చెక్కలా లోపలికి జారే పలక, ఒళ్ళంతా సన్నటి వెండిగీతలు. ప్రతి కార్డు మొహాన ఒక చిన్న పచ్చలైటు. మినుకు మినుకుమంటుంటే ఎవరో పిలుస్తున్నట్టు. నిలకడగా వెలిగితే లైన్లో మనిషి ఉన్నట్టు. ఆరిపోతే ఖాళీ.

పొద్దున్నించి సాయంత్రందాకా ఆమె చెవులకి హెడ్‌ఫోన్లుంటాయి. నోట్లో మూడు మాటలుంటాయి.

"వినపడుతోందా?" అంటారు అటువాళ్ళు.

"వినపడుతోంది, చెప్పండి."

"కనపడుతున్నానా?"

"కనపడుతున్నారు. కలుపుతున్నాను."

అంతే. ఆ తర్వాత బటన్ నొక్కి డాక్టరు తెరలోకి పంపిస్తుంది. ఈ మాటలు ఆమెకి ఊపిరితో సమానం, తలుచుకుని అనక్కర్లేదు. అక్క పుట్టింటికి వచ్చినప్పుడు ఒకరాత్రి పక్కలో పడుకుని "మంచినీళ్ళు కావాలే" అని తట్టి లేపితే, "కనపడుతున్నారు, కలుపుతున్నాను" అని అటు తిరిగి పడుకుందట. అక్క ఆ మాట ఇల్లిల్లూ చెప్పి నవ్వించింది.

ఇంకో మాట కూడా ఉంది. ఊరికే ఫోను చేసి విసిగించేవాళ్ళకి, తాగి చేసేవాళ్ళకి చెప్పే మాట. "మీ బొమ్మ రావట్లేదండీ. మీ వైపు నుంచి కట్ చేసి మళ్ళీ చెయ్యండి." వాళ్ళు కట్ చేస్తారు. మళ్ళీ చేసేదాకా కాస్త ఊపిరాడుతుంది.

ఆరోజు అక్క కాన్పు.

అక్క ఉండేది ఏరు దాటాక, చిన్నాసుపత్రి ఉన్న ఊళ్ళో. బిడ్డ కడుపులో అడ్డం తిరిగింది. పట్నం తీసుకొద్దామంటే వంతెన మీంచి నీళ్ళు పారుతున్నాయి. కోసి తియ్యక తప్పదన్నారు. అక్కడి డాక్టరు కొత్తవాడు. చెయ్యి మంచిదే, గుండే ఇంకా కుదురుకోలేదు. అందుకని మధ్యాహ్నం భోజనాలయ్యాక, పై అంతస్తులోంచి పెద్ద డాక్టరమ్మ తెర మీద చూస్తూ అతనికి దారి చెప్పాలని ఏర్పాటు.

పొద్దున్నే మిడత లైను పరీక్ష చేసింది. అక్క ఉన్న ఆసుపత్రి బొమ్మ వచ్చింది... వచ్చి, గళ్ళు గళ్ళుగా చిట్లిపోయింది. మంచం ఒక గడిలో, నర్సు చెయ్యి ఇంకో గడిలో. గొంతు బావిలోంచి వచ్చినట్టుంది. దూరపు ఊళ్ళ లైన్లన్నీ మోసే అడుగు అర కార్డు పాడైంది.

గోడకున్న ఇంటర్‌కమ్ ఎత్తింది. అటువైపు సూపర్వైజరు. వెనకాల అందరూ ఆయన్ని వాయిదాల సారు అంటారు.

"సారూ, అడుగు అర కార్డు పోయింది."

"సరేలే అమ్మా, రేపు చూద్దాం."

"రేపటిదాకా ఆగమని మా అక్క కడుపులో బిడ్డకి మీరు చెప్తారా సారూ? ఫోనివ్వమంటారా?"

"నీ నోరు... బీరువాలో కొత్తకార్డుంది. మార్చెయ్. పాతదాన్ని పట్టుకుని ఒక్క లాగు లాగితే సరి."

"పచ్చలైటు ఆరకుండా లాగకూడదు సారూ. కరెంటు పారుతుండగా లాగితే వెనక పిన్నులు మాడిపోతాయి. అప్పుడు పోయేది కార్డు కాదు, పెట్టె. మనకున్నది ఒక్క పెట్టె."

"మరి ఆర్పెయ్."

"ఆర్పేశాను. అన్ని లైన్లూ మూసేశాను, తీగలు కూడా పీకేశాను. అయినా వెలుగుతూనే ఉంది."

"లైన్లో ఎవరూ లేకుండా ఎలా వెలుగుతుందమ్మా?"

"అదే నాకూ అర్థం కావట్లేదు," అంది మిడత, మోకాలు ఆడించడం ఆపి.

ఫోను పెట్టేసి పెట్టె ముందు చతికిలబడింది. చేతి వాచీ తీసి పక్కన పెట్టింది. మణికట్టుకి నల్లపట్టీ చుట్టుకుంది. పట్టీకి ఉంగరాలు తిరిగిన తీగ, తీగ చివర చిన్న కొక్కెం. కొక్కేన్ని పెట్టె ఇనపచట్రానికి తగిలించింది. మనిషి ఒంట్లో తెలియని మెరుపొకటి దాక్కుని ఉంటుంది. ఉత్తచేత్తో కార్డుని ముడితే ఆ మెరుపు దూకి కార్డు ప్రాణం తీస్తుంది, మనకి చురుక్కన్నట్టు కూడా తెలీదు. పట్టీ కట్టుకుంటే ఆ భయం లేదు. తీగ తగిలించాక నువ్వూ పెట్టే ఒక్కటే. నీలో ఉన్నది దానిలోకి పోతుంది, దానిలో ఉన్నది నీలోకి వస్తుంది. తేడా ఉండదు.

"ఒంటిమీద నగా నట్రా లేకపోయినా ఆ నల్లపట్టీ మాత్రం ఎప్పుడూ వదలవే," అని అక్క ఎగతాళి చేస్తుంది.

మిగతా అరల్లో లైట్లన్నీ ఆరి ఉన్నాయి. అడుగు అరలో ఒక్కటే... పచ్చగా, నిలకడగా, రెప్ప వెయ్యని కన్నులా.

ఈ పనిలో పాతవాళ్ళు పెట్టిన ఆచారం ఒకటుంది. కార్డు లాగేముందు హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఒకసారి అడగాలి. మాట మధ్యలో ఎవరినీ తెంచకూడదని. మిడత హెడ్‌ఫోన్లు పెట్టుకుంది.

"లైన్లో ఎవరైనా ఉన్నారా?"

సముద్రపు గవ్వ చెవిలో పెట్టుకున్నట్టు హోరు. అంతే.

"ఎవరైనా ఉన్నారా?"

హోరులో ఏదో మడతపడింది. దూరంగా తలుపు తీసినట్టు... తీసి మళ్ళీ వెయ్యనట్టు. చల్లగాలి మిషను గుర్రు ఎందుకో తగ్గిందనిపించింది. అప్పుడొచ్చింది గొంతు. ఆడదో మగదో తెలీని గొంతు. ముసలిదో పసిదో కూడా తెలీదు. అరిగిపోయిన గొంతు.

"వినపడుతోందా?"

"వినపడుతోంది, చెప్పండి," అంది మిడత.

తను అనలేదు. నోరంది. ఊపిరితో పాటు వచ్చేసింది.

అనేశాక ఒళ్ళు జలదరించింది. దూరపు లైన్లన్నీ తనే మూసింది. తీగలన్నీ తనే పీకి పక్కన పెట్టింది. ఆ గొంతు రావడానికి దారేది?

హోరు ఆగిపోయింది. అటువైపు ఎవరో దగ్గరికి జరిగినట్టయింది. మళ్ళీ గొంతు వచ్చింది. ఈసారి అరిగిపోలేదు. శుభ్రంగా ఉంది. కాస్త ముక్కుతో మాట్లాడే ఆడపిల్ల గొంతు. తెలిసిన గొంతు.

మిడత గొంతు.

"కనపడుతున్నానా?"

పక్కనున్న చిన్న తెర వెలిగింది. బూడిదరంగు గళ్ళు. గళ్ళు మెల్లగా ఒకదానికొకటి అతుక్కుంటున్నాయి. కెమెరా అలవాటు లేనివాళ్ళు మరీ దగ్గరికొచ్చి నిలబడతారు, నుదురు తప్ప ఏమీ కనపడదు. రోజూ చూసేదే. "కాస్త వెనక్కి జరగండి" అని చెప్తే జరుగుతారు. ఇప్పుడు తెర నిండా అలాగే నుదురు. మిడత ఏమీ చెప్పలేదు. అయినా అది వెనక్కి జరుగుతోంది. మెల్లగా... మెల్లగా...

నుదురు.

ఇంకా నుదురు.

కళ్ళు రావాల్సిన చోటు రాలేదు. కనుబొమలు రాలేదు. ఎంత వెనక్కి జరిగినా నుదురే... తేమగా, పాలిపోయి, కింద నుంచి ఎవరో వేలితో నొక్కుతున్నట్టు అక్కడక్కడా కదులుతూ.

"కనపడుతున్నానా?"

మిడత నాలుక చివరదాకా వచ్చింది మాట. రోజూ వెయ్యిసార్లు అనే మాట. దాన్ని పళ్ళతో పట్టుకుని ఆపింది. నాలుక తెగి ఉప్పగా తగిలింది.

ఆ మాట అంటే తర్వాత వచ్చేది ఏ మాటో ఆమెకి తెలుసు. కలుపుతున్నాను. ఎక్కడికి కలుపుతుంది? ఈ కార్డు మోసేది ఏ లైన్లని? ఆ లైన్ల చివర మంచం మీద పడుకుని ఉన్నది ఎవరు?

భయం వేసింది. వేసింది గానీ, దాని వెనకే ఇంకోటి వచ్చింది. చిన్నప్పుడు వీధిలో పెద్దపిల్లలు అక్క జడ లాగినప్పుడు వచ్చిందే అది. కడుపులోంచి మంటలా లేచింది. లేవనీ! ఈ గది తనది. ఈ పెట్టె తనది. పిలవని పేరంటానికి వచ్చి పీట వెయ్యమంటుందా ఇది?

పట్టీ చల్లబడింది.

ముందు మణికట్టు. తర్వాత మోచెయ్యి. ఎముక లోపల ఎవరో మంచునీళ్ళు పోస్తున్నట్టు చల్లదనం పైకి పాకుతోంది. తీగ దానంతటదే బిగుసుకుంది. పట్టీ పీకి పారేసి పరిగెత్తమని కాళ్ళు చెప్తున్నాయి. లేదా ఇప్పుడే, ఈ క్షణమే, కార్డుని ఒక్క లాగు లాగెయ్యమని చేతులు చెప్తున్నాయి.

లాగితే పెట్టె పోతుంది. పెట్టె పోతే డాక్టరమ్మ లేదు. డాక్టరమ్మ లేకపోతే...

కూర్చున్నచోటే కూర్చుంది. మోకాలు కదల్లేదు. పుట్టి బుద్ధెరిగాక మిడత అంత నిలకడగా కూర్చున్నది అదే మొదలు.

"కనపడుతున్నానా?" తన గొంతే, గారాబంగా.

"మీ బొమ్మ రావట్లేదండీ," అంది మిడత.

తెరలో నుదురు ఆగింది.

"చూస్తూనే ఉన్నావుగా..."

"రావట్లేదంటే రావట్లేదు. మీ దగ్గర వెలుతురు చాలట్లేదేమో చూసుకోండి."

"కలుపు..." గొంతు సన్నబడింది. చెవిలో కాదు, చెవి లోపల ఉంది. "అక్క దగ్గరికి కలుపు... ఒక్కసారి... బిడ్డని చూసి వచ్చేస్తాను..."

చల్లదనం భుజం దాటింది. మిడత పళ్ళు పటపటా కొట్టుకుంటున్నాయి. ఆ పళ్ళ మధ్యనుంచే మాట్లాడింది.

"మా అక్క గదిలో ఖాళీ లేదు. నీకు వినపడుతోందా? నన్నడగడం అయింది, ఇప్పుడు నేనడుగుతున్నా. వినపడుతోందా? నీ బొమ్మ రాదు. ఇవాళ రాదు, రేపూ రాదు. నీ వైపు నుంచి కట్ చేసి మళ్ళీ చెయ్యి!"

తెరలో నుదురు మీది కదలికలు ఒక్కొక్కటే ఆగాయి.

"సరే," అంది తన గొంతు, చెప్పినమాట వినే పిల్లలా. "మళ్ళీ చేస్తాను."

టక్.

తెర నల్లబడింది. పట్టీ వదులైంది. అడుగు అరలో పచ్చలైటు ఒక్కసారి వణికి... ఆరిపోయింది.

మిడత ఏడవలేదు. ఏడవడానికి తీరిక లేదు. కార్డుకి రెండు చివర్లా ఉన్న మరల్ని విప్పింది. వాటి పక్కనే చెవుల్లా ఉన్న రెండు పిడుల్నీ రెండు బొటనవేళ్ళతో ఒకేసారి బయటికి వంచింది. ఒక పక్కే వంచితే కార్డు వంకరపడి పక్కదాన్ని గీరుతుంది. వంచి, గాడిలోంచి మెల్లగా, నిద్రపోయే పిల్లాడి తలకింద చెయ్యి తీసినంత మెల్లగా, జార్చింది. అంచులు మాత్రమే పట్టుకుంది. వెండిగీతల్ని తాకలేదు. వెండిరంగు సంచీలో దోపి మూతి మడిచింది. కొత్తకార్డుని పైగాడికీ కింది గాడికీ సరిచూసుకుని నెట్టింది. చివర్లో కాస్త బిగువు, ఆ తర్వాత 'కటక్' అని కూర్చున్న చప్పుడు. చెవులు మడిచింది. మరలు బిగించింది. పీకిన తీగలు మళ్ళీ తగిలించింది.

కొత్త పచ్చలైటు మినుకుమని, ఆరింది. ఖాళీ. శుభ్రంగా ఖాళీ.

మధ్యాహ్నం వేళయ్యాక చిన్నాసుపత్రిని పిలిచింది. బొమ్మ అద్దంలో చూసినట్టు వచ్చింది. మంచం మీద అక్క. చెమటపట్టిన మొహం, బెదిరిన కళ్ళు. పక్కన నర్సు.

"ఏమే మిడతా, వినపడుతోందా?"

మిడత తెరకి దగ్గరగా వంగింది. అక్క కళ్ళు చూసింది, కనుబొమలు చూసింది, ముక్కు పక్క పుట్టుమచ్చ చూసింది. అన్నీ ఉన్నాయి.

"వినపడుతోంది. అన్నీ కనపడుతున్నాయి. దిక్కుమాలిన నీ మొహం పూర్తిగా కనపడుతోంది."

"నీ నోట్లో శుభం పలకదే," అని అక్క నవ్వింది. ఆ నవ్వుతో సగం బెదురు పోయింది. "భయమేస్తోందే చెల్లీ."

"నాకు వెయ్యట్లేదు. నేనిక్కడున్నా. లైను తెగితే నా పేరు మార్చుకుంటా," అని డాక్టరమ్మకి కలిపింది.

ఆ తర్వాతంతా పెద్ద డాక్టరమ్మ గొంతే. "తొందరపడకు బాబూ. అక్కడ కాదు, కొంచెం కిందికి. ఆఁ, అదే. ఇప్పుడు చెయ్యి లోపలికి పోనీ. కాలు దొరికిందా? దొరికితే వదలకు." కొత్త డాక్టరు "ఊఁ... ఊఁ..." అంటున్నాడు. బొమ్మ ఒక్క గడి కూడా చిట్లలేదు. మిడత పచ్చలైటు మీదనుంచి చూపు తిప్పలేదు.

తర్వాత ఏడుపు. పిల్లి కూతలాంటి చిన్న ఏడుపు, ఆ వెంటనే గదులన్నీ ఎగిరిపోయే ఏడుపు.

"ఆడపిల్ల," అంది డాక్టరమ్మ. "గొంతు చూస్తే పిన్ని పోలికే."

కుట్లు వేశారు. రక్తం ఆగింది, ప్రమాదం లేదని డాక్టరమ్మ రెండుసార్లు అడిగి చెప్పించుకుని, తన తెర కట్టేసి వెళ్ళిపోయింది. నర్సు మాత్రం, "అక్కాచెల్లెళ్ళు కాసేపు మాట్లాడుకోండి," అని కెమెరా అలాగే ఉంచి, పాపని గుడ్డలో చుట్టి అక్క చెంప పక్కన పడుకోబెట్టింది. పెట్టెలో మిగతా అరలన్నీ ఖాళీ. ఒక్క అడుగు అరే వెలుగుతోంది.

అప్పుడు మిడతకి ఏడుపొచ్చింది. పట్టీ తీసి బల్ల మీద పడేసింది. తన ఏడుపు అక్కకి వినపడకూడదని, మైకు మూసే ఎర్రబటన్ నొక్కి, మొహం రెండు చేతుల్లో పెట్టుకుని, కడుపారా ఏడ్చింది.

"ఆఁ, వినపడుతోందే, చెప్పు," అంది అక్క.

మిడత చేతులు తీసింది.

తెరలో అక్క నీరసంగా నవ్వుతోంది. "వినపడుతోందన్నానుగా. ఎన్నిసార్లడుగుతావే?"

మైకు ఎర్రగా ఉంది. మూసే ఉంది. మిడత పెదవి విప్పలేదు.

ఎర్రబటన్ నొక్కింది. ఆరలేదు. మళ్ళీ నొక్కింది. గోళ్ళు విరిగేలా నొక్కింది. "అక్కా! మాట్లాడకు! జవాబు చెప్పకు! అక్కా!" గది దద్దరిల్లేలా అరిచింది. తెరలో అక్క మొహం మారలేదు. అక్కకి వినపడుతున్నది ఈ అరుపు కాదు. ఇంకేదో వింటోంది, తల కొంచెం పక్కకి వంచి, చిన్నప్పుడు చెల్లెలు చెప్పే ముద్దుమాటలు విన్నట్టు.

"ఏంటే... కనపడుతున్నావా అనా?" అక్క కళ్ళు చిట్లించింది. "ఇక్కడ వెలుతురు తక్కువే. ఉండు... సిస్టరమ్మా, ఆ తెర కొంచెం ఇటు తిప్పుతారా, మా చెల్లెలు..."

ఒక చెయ్యి వచ్చి తెర తిప్పింది. అక్క మెడ ఎత్తింది. పాప ఏడుపు మానేసి అటే చూస్తోంది. పుట్టి ఇంకా మొహం కడగని పిల్ల, అటే, రెప్ప వెయ్యకుండా.

"ఆఁ... ఇప్పుడు కాస్త..." అంది అక్క. "నుదురు..."

పట్టీ లేదు. లైటు నిండుగా వెలుగుతోంది. చెయ్యకూడనివన్నీ మిడతకి తెలుసు. ప్రతి ఒక్కటీ తెలుసు. పొద్దున్నించి అక్కకోసం వాటన్నిటికీ కట్టుబడి కూర్చుంది. ఇప్పుడు అక్కకోసమే వాటన్నిటినీ తొక్కేసింది. రెండు చేతులూ అరలోకి దూర్చి, వేళ్ళకి దొరికింది దొరికినట్టు పట్టుకుని, కాలు పెట్టెకి తన్నిపెట్టి, ఒక్క లాగు లాగింది.

నీలంమంట. 'ఫట్'మన్న చప్పుడు. మాడిన వాసన గుప్పుమని కళ్ళలో నీళ్ళు తెప్పించింది. పెట్టెలో ఫ్యాన్లూ, నెత్తిన చల్లగాలి మిషనూ మూలుగుతూ, మూలుగుతూ ఆగిపోయాయి. కార్డు సగం ఆమె చేతిలో ఉంది. అరచెయ్యి బొబ్బలెక్కింది.

గది మొట్టమొదటిసారి నిశ్శబ్దమైంది.

ఇంటర్‌కమ్ మోగింది. "ఏమైందమ్మా? పైన తెరలన్నీ పోయాయి!"

"పెట్టె పోయింది సారూ. నేనే చంపాను."

"అయ్యయ్యో! ఒక్కటే పెట్టె! ఎందుకు? ఎలా? ఇప్పుడు నేనేం సమాధానం చెప్పను?"

"రేపు చూద్దాం సారూ," అని ఫోను పెట్టేసింది.

నవ్వొచ్చింది ఆమెకి. ఉద్యోగం పోతే పోనీ. విప్పడం వచ్చినదానికి ఎక్కడైనా కూడు దొరుకుతుంది. అక్క నోట 'కనపడుతున్నావు' అన్న మాట పూర్తి కాలేదు. కాకముందే తెంచింది. "చెయ్యవే, ఇప్పుడు చెయ్యి చూద్దాం మళ్ళీ," అంది చచ్చిన పెట్టెతో.

జేబులో సెల్‌ఫోను మోగింది.

ఈ గదిలో ఒక్క గీత సిగ్నలు రాదు.

తీసి చూసింది. తెర మీద అక్క ఫొటో. అక్క పేరు. మోగుతోంది... మోగుతోంది... తీసి చెవికి పెట్టుకుంది. మాట్లాడలేదు.

"చెల్లీ?" అక్క గొంతే. నీరసంగా, వెచ్చగా. "ఏంటే, మాట మధ్యలో తెగింది?"

మిడత పెదాలు తడుపుకుంది. మామూలు మాటలన్నీ పక్కనపెట్టి అడిగింది.

"నాకు మిడత అని పేరెందుకు పెట్టావు?"

అటువైపు చిన్న నవ్వు. "పిచ్చి పట్టిందా? అటక మీంచి దూకావు కాబట్టి. పరుపు మీద పడతానని దూకి ట్రంకుపెట్టె మీద పడ్డావు. ముందుపన్ను విరిగింది. మెట్ల మీద జారిందని అమ్మతో అబద్ధం చెప్పి నేను తిట్లు తిన్నాను. చాలా, ఇంకా చెప్పాలా?"

మిడత గోడకి జారగిలబడింది. ఆ సంగతి ఇంకెవరికీ తెలీదు. ఈ ప్రపంచంలో ఇద్దరికే తెలుసు.

"అక్కా... పాప ఎలా ఉంది?"

"బాగుంది. చూస్తోంది. అవునుగానీ, ఇందాకట్నుంచి అడుగుతున్నాను. నువ్వు చెప్పట్లేదు."

"ఏం అడిగావు?"

"కనపడుతున్నానా?"

ఉత్త మాటల పిలుపు అది. బొమ్మ రాని పిలుపు. చెవికి ఆనించుకున్న ఫోను.

మిడత బల్ల మీదున్న నల్లపట్టీ వైపు చూసింది. పొద్దున్న ఎముకల్లోంచి పైకి పాకిన చల్లదనం గుర్తొచ్చింది. నీలో ఉన్నది దానిలోకి పోతుంది. తెలిసింది ఇద్దరికేనా మరి?

లేచి నిలబడింది. పెద్ద స్క్రూడ్రైవరు తీసుకుని నడుముకి దోపుకుంది. తలుపు తీసింది.

"లేదు," అంది గట్టిగా. "కనపడట్లేదు. పగలడుగు, రాత్రడుగు, ఎవరి గొంతుతో అయినా అడుగు. కనపడట్లేదనే చెప్తాను. ఏరు పొంగితే ఈదుకుంటూ వస్తాను, మా అక్క పక్కన నేను కూర్చుంటాను. అప్పుడడుగు, చూద్దాం."

"అలా మాట్లాడకే," అంది అక్క గొంతు, ఏడుపు ఆపుకుంటూ. అచ్చం అక్కలాగే. "నేనేం చేశానే నిన్ను? ఒంట్లో బాలేనిదాన్ని... ఒక్కసారి చూడవే..."

అయినా మిడత మెట్లు ఎక్కుతూనే ఉంది. ఫినాయిలు వాసన. పైన ద్వారంలోంచి పగటి వెలుతురు, మనుషుల సందడి. చివరి మెట్టు మీద కాలు పెట్టేసరికి ఫోనుకి సిగ్నల్ గీతలు ఒక్కొక్కటీ నిలబడ్డాయి. చెవిలో అక్క ఇంకా బతిమాలుతూనే ఉంది.

ఆ బతిమాలే మాటల మధ్య, టింగ్ మని ఇంకో చప్పుడు.

ఫోను చెవి దగ్గర్నుంచి తీసి చూసింది. ఇంకెవరో పిలుస్తున్నారు.

అక్క.